బాత్రూమ్ కన్సీల్డ్ లైటు పోయిందా? మీరే మార్చుకోండి

రొట్టెల పండగంటే నెల్లూరులో చాలా ఇళ్లకు చుట్టాలు దిగుతారు. ఆ ఏడు మా ఇంట్లో పదకొండు మంది. రాత్రి తొమ్మిదింటికి బాత్రూమ్ లైటు రెండుసార్లు టపటపా కొట్టుకుని ఆరిపోయింది. ఇక తెల్లారేదాకా అందరూ సెల్‌ఫోన్ టార్చి వెలిగించి, సబ్బు పెట్టెకి ఆనించి కానిచ్చారు. పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తే "పండగ పనుల్లో ఉన్నానన్నా, మూడు రోజులాగు" అన్నాడు. ఆగలేక నేనే స్టూలెక్కాను. ఆ రోజు చేసిన తప్పులూ, ఆ తర్వాత బంధువుల ఇళ్లలో నాలుగైదు మార్చి నేర్చుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

విప్పి బిగించడం చిన్న పనే. కానీ స్క్రూ డ్రైవర్ పట్టుకోకముందే రెండు సంగతులు తేల్చుకోవాలి. ఆ లైటులో అసలు బల్బనేది ఉందా? దానికి కరెంటు ఎటునుంచి వస్తోంది?

ముందు కింద నిలబడి పైకి చూడండి

సీలింగు లోపలికి ఒదిగిపోయి, అంచు మాత్రమే బయటికి కనిపించే లైట్లు మన ఇళ్లలో ముఖ్యంగా మూడు రకాలు.

పాత ఇళ్లలో స్లాబు పోసేటప్పుడే ఒక గుండ్రటి డబ్బా దింపి, అందులో హోల్డరు పెట్టి, పైన గాజు మూత బిగించేవాళ్లు. మూత వెనక మామూలు పిన్ను బల్బే ఉంటుంది, హాల్లో వేలాడేలాంటిదే. రెండో రకం చిన్న స్పాట్ లైటు. రెండంగుళాల గాజు ముఖం, చుట్టూ స్టీలు రింగు. దీన్లోనూ బల్బు వేరుగా ఊడొస్తుంది. మూడోది ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే ఎల్ఈడీ ప్యానెల్, పీవోపీలోనో పీవీసీ సీలింగులోనో దిగి ఉండే తెల్లటి గుండ్రం లేదా చతురస్రం. ఇందులో బల్బు ఉండదు. చిన్న చిన్న ఎల్ఈడీలు పలకకే అతికి ఉంటాయి, వెనక వైరు చివర అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన డ్రైవర్ (ఎల్ఈడీలకి తగ్గట్టు కరెంటుని మార్చి ఇచ్చే పెట్టె) వేలాడుతుంటుంది. నేను ఆ రోజు తెల్లటి మూతని అరగంట తిప్పుతూ కూర్చున్నాను, బల్బు బయటికొస్తుందేమోనని. అది తిరిగేది కాదని తెలిసేసరికి పీవోపీ అంచు రెండు చోట్ల పెచ్చు లేచింది.

మెయిన్ దించినా ఫ్యాను ఆగలేదు

బాత్రూమ్ స్విచ్ ఆపేస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. స్విచ్ ఫేజు వైరు (కరెంటు మోసుకొచ్చేది) మీద ఉండాలి. కానీ ఎప్పుడో ఎవరో వైర్లు అటూ ఇటూ మార్చి బిగించి ఉంటే స్విచ్ న్యూట్రల్‌ని (కరెంటు తిరిగి వెళ్లే వైరుని) మాత్రమే తెంపుతుంది. లైటు ఆరిపోతుంది గానీ హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది. పైగా మీరు స్టూలు మీద ఉండగా, అలవాటు చొప్పున ఎవరో ఒకరు వచ్చి టక్కున స్విచ్ వేస్తారు.

అందుకే మెయిన్ దించాలి. నేనూ దించాను. దించి వెనక్కి తిరిగితే హాల్లో ఫ్యాను హాయిగా తిరుగుతోంది. ఇన్వర్టర్! రాత్రిపూట కరెంటు పోతే ఇబ్బందని బాత్రూమ్ లైటుకి కూడా ఇన్వర్టర్ లైను ఇప్పించుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మెయిన్ దించగానే ఇన్వర్టరేమో కరెంటు పోయిందనుకుని బ్యాటరీ నుంచి ఆ లైన్లకి 230 వోల్టులు అందించడం మొదలుపెట్టింది. ఫ్యాను తిరగకపోయుంటే నేను ధైర్యంగా వెళ్లి వైరు పట్టుకునేవాణ్ణే.

ఇన్వర్టర్ ముందున్న బటన్ ఒక్కటే ఆపినా పని అవ్వదు. చాలా ఇన్వర్టర్లలో ఆ బటన్ బ్యాటరీ సరఫరాని మాత్రమే ఆపుతుంది, బయటి కరెంటు దానిగుండా నేరుగా లైట్లకి పోతూనే ఉంటుంది. కాబట్టి రెండూ ఆపాలి. ముందు ఇన్వర్టర్ బటన్ నొక్కి ఆపండి. తర్వాత డిస్ట్రిబ్యూషన్ బోర్డులో మెయిన్ స్విచ్ దించండి. అప్పుడు ఇల్లంతా తిరిగి ఒక్కో స్విచ్ వేసి చూడండి. ఎక్కడా ఏదీ వెలగకూడదు, తిరగకూడదు. బోర్డు తలుపు మీద "పైన మనిషి ఉన్నాడు, వేయొద్దు" అని కాగితం అంటించండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే కాగితం కంటే బోర్డు దగ్గర ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టడం మేలు. మా నాయన ఆ పని మహా శ్రద్ధగా చేస్తాడు, పేపరు చదువుకుంటూ.

టెస్టర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నియాన్ టెస్టర్ వెలగాలంటే మీ ఒంటి గుండా చాలా కొద్దిపాటి కరెంటు నేలకి చేరాలి. ప్లాస్టిక్ స్టూలు మీద రబ్బరు చెప్పులతో నిలబడితే కరెంటున్న వైరు మీద కూడా అది మసగ్గా వెలగొచ్చు, పట్టపగలైతే ఆ వెలుగు కనబడకనే పోవచ్చు. అందుకని మెయిన్ దించే ముందు, కరెంటున్న ప్లగ్గు మీద టెస్టర్ పనిచేస్తుందో లేదో చూసుకోండి. అయినా దాన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు. మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపి ఉండటమే అసలు భరోసా.

ఎక్కడ నిలబడాలి

బోర్లించిన బకెట్ మీద వద్దు. కమోడ్ మూత మీద అసలే వద్దు. మనం ఎక్కేది ఈ రెండే అని నాకు తెలుసు గనక చెబుతున్నా. బాత్రూమ్ నేల నీళ్లు పోయే జాలీ వైపు వాటంగా ఉంటుంది, నాలుగు కాళ్ల స్టూలు అక్కడ ఎప్పుడూ ఒక కాలు ఎత్తుకునే ఉంటుంది. నేల పొడిగా తుడిచి, మడత నిచ్చెన వేసి, కింద ఒకరిని పట్టుకోమనండి. వేరే గదిలోని కరెంటు వాడుకునే వీలు లేదు కాబట్టి పగటిపూట పెట్టుకోండి, లేదా తలకి కట్టుకునే టార్చి ఉంటే మంచిది. కళ్లద్దాలు పెట్టుకోండి. పీవోపీ పొడీ, ఏళ్ల తరబడి చచ్చిన ఉసిళ్లూ, ఒక్కోసారి బల్లి గుడ్ల పెంకులూ సరిగ్గా మొహం మీదే రాలతాయి.

పిన్ను బల్బు, స్పాట్ బల్బు

ఈ రెండూ తేలిక. గాజు మూత కొన్నిటికి చుట్టూ మూడు చిన్న స్క్రూలతో ఉంటుంది, కొన్నిటికి మరలా తిరుగుతుంది. స్క్రూలైతే పూర్తిగా ఊడదీయకుండా వదులు చేస్తే చాలు. అరచేయి మూత కింద ఉంచే చివరి స్క్రూ వదులు చేయండి, గాజు బరువుగా ఉంటుంది. తుప్పుపట్టి తిరగకపోతే ఒక చుక్క కొబ్బరి నూనె వేసి పావుగంట ఆగండి. ఊడిన మూతని వెంటనే కడిగేయండి. మూతకి పట్టిన తెల్లటి పొర పోగానే, పాత బల్బే చాలునేమో అనిపించేంత వెలుగు వస్తుంది. ఒంగోల్లో మా అక్కవాళ్లింట్లో సగం చీకటి ఆ మూతదే.

బల్బుని పైకి నొక్కి ఎడమకి తిప్పితే చేతిలోకొస్తుంది. ఎల్ఈడీ బల్బుల్లో ఒక చిక్కుంది. పైన తెల్లటి ప్లాస్టిక్ బుడగ మాత్రమే ఊడొచ్చి, కింది భాగం హోల్డరులోనే ఉండిపోతుంది. అప్పుడు కటింగ్ ప్లేయర్‌తో ఆ మొదలు పట్టుకుని అదే తీరుగా నొక్కి తిప్పండి. ఇంకా పాత సీఎఫ్ఎల్ ఉంటే జాగ్రత్త, గొట్టాన్ని కాకుండా కింది ప్లాస్టిక్ భాగాన్ని పట్టుకుని తిప్పండి. అది పగిలితే లోపలి పాదరసం ఆవిరి బయటికొస్తుంది. కిటికీ తెరిచి కాసేపు అందరూ బయట ఉండి, తర్వాత చేతికి కవర్ తొడుక్కుని ముక్కలు ఏరాలి. చీపురుతో ఊడవకూడదు.

కొత్త బల్బు పెట్టే ముందు హోల్డరు లోపలున్న రెండు ఇత్తడి మొలకలు చూడండి. వేలితో నొక్కితే (కరెంటు లేదని మరోసారి తేల్చుకున్నాకే) స్ప్రింగులా లోపలికి పోయి బయటికి రావాలి. లోపలే ఇరుక్కుపోతే బల్బుది తప్పు కాదు, హోల్డరే మార్చాలి.

స్పాట్ లైటుకి ముఖం చుట్టూ వైరు రింగు ఉంటుంది. రెండు చెవులూ దగ్గరికి నొక్కి దాన్ని తీస్తే బల్బు కిందికి దిగుతుంది. కాళ్లు లావుగా, చివర్లు బొడిపెల్లా ఉంటే అది నేరుగా 230 వోల్టుల మీద పనిచేసేది, కొద్దిగా ఎడమకి తిప్పి లాగాలి. కాళ్లు సూదుల్లా సన్నగా ఉంటే అది 12 వోల్టులది, తిప్పకుండా నిట్టనిలువునా లాగాలి. సూది కాళ్ల దానికి పైన ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉంటుంది. పాత హాలోజెన్ తీసి ఎల్ఈడీ పెట్టగానే లైటు వణుకుతుంటే, ఆ పాత ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎల్ఈడీ లోడు మరీ తక్కువైందని అర్థం. ఎల్ఈడీ డ్రైవర్ వేసుకుంటే సరిపోతుంది. హాలోజెన్ అయితే ఆరిన పావుగంట దాకా ముట్టుకోవద్దు.

ప్యానెల్ లైటు: వేళ్లు జాగ్రత్త

ప్యానెల్‌ని సీలింగులో పట్టి ఉంచేవి రెండు స్ప్రింగు క్లిప్పులు. ఎలుకల బోనులో ఉండే కడ్డీ లాంటివి, కాటు కూడా అలాగే ఉంటుంది.

అంచుకీ సీలింగుకీ మధ్య రంగు పూసి అతుక్కుపోయి ఉంటే ముందు బ్లేడుతో చుట్టూ ఒక గీత గీయండి. లేకపోతే రంగు పొరతో పాటు పెచ్చు ఊడుతుంది. తర్వాత పిల్లల ప్లాస్టిక్ స్కేలు దూర్చి అంచుని మెల్లగా కిందికి వంచండి. స్క్రూ డ్రైవర్ దూరిస్తే పీవీసీ చీలుతుంది. అంగుళం సందు వచ్చాక వేలు పెట్టి తడిమితే ఒక పక్క క్లిప్పు తగులుతుంది. ఇక్కడే చాలామంది ఒక్కసారిగా లాగేస్తారు. లాగితే క్లిప్పు కిందికి విరుచుకుపడి వేలి కణుపు మీద కొడుతుంది, సీలింగు అంచునూ కోస్తుంది. అలా కాకుండా క్లిప్పుని వేలితో పైకి, లైటు వెన్ను మీద నిటారుగా నిలబడేలా మడిచి పట్టుకుని ఆ పక్కని ముందు బయటికి దించండి. ఒక పక్క వచ్చాక రెండోది దానంతట అదే వస్తుంది.

లైటు చేతిలోకి వచ్చింది, కానీ వైరు ఇంకా పైనే ఉంది. దాన్ని వైరు మీద వేలాడనివ్వకండి. కింద ఉన్నవాళ్లకి అందించండి, లేదా నిచ్చెన పై మెట్టు మీద పెట్టండి. ఇప్పుడు ఫోన్ తీసి వైర్లు ఎలా ఉన్నాయో ఒక ఫోటో తీసుకోండి. డ్రైవర్ నుంచి ప్యానెల్‌కి వెళ్లే చోట చిన్న ప్లగ్గు ఉంటుంది. దాన్ని విడదీయండి. డ్రైవర్‌కి అవతలి వైపు సీలింగులోంచి వచ్చే రెండు వైర్లు ఉంటాయి, ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్ కావాలి. కావాలి అనే అంటున్నా. వైరింగు చేసిన రోజు చేతికి ఏ రంగు దొరికితే అది వాడిన ఇళ్లు చూశాను. ఆకుపచ్చ ఉంటే అది ఎర్తు, ఇనుప బాడీ లైటుకి దాన్ని వదిలేయకుండా తగిలించాలి.

ప్యానెల్ పాడైందా, డ్రైవర్ పాడైందా అని చూసి చెప్పడం కష్టం కాదు. ఆరిపోయే ముందు కొన్ని రోజులు వణుకుతూ, ఆలస్యంగా వెలుగుతూ ఉంటే చాలావరకు డ్రైవరే. డ్రైవర్ ఉబ్బినా, కాలిన వాసన వచ్చినా ఇక అనుమానమే లేదు. లైటు వెలుగుతూనే మధ్యలో నల్లటి మచ్చలు వచ్చి, ఒక ముక్క ఆరి ఉంటే ప్యానెల్ పోయినట్టు. డ్రైవర్ ఒక్కటే పోతే ప్యానెల్ పారేయనక్కర్లేదు. డ్రైవర్ మీద వాట్లతో పాటు మిల్లీ ఆంపియర్లు, అవుట్‌పుట్ వోల్టుల పరిధి అచ్చువేసి ఉంటాయి. మిల్లీ ఆంపియర్లు కచ్చితంగా అవే ఉండాలి, వోల్టుల పరిధి కలవాలి. వాట్లు ఒకటే కదా అని ఎక్కువ మిల్లీ ఆంపియర్లది తగిలిస్తే మొదట ధగధగా వెలుగుతుంది, కొన్నాళ్లకి ఎల్ఈడీలు మాడిపోతాయి.

కొత్తది బిగించేటప్పుడు వరస మారకూడదు. ముందు వైర్లు కనెక్టర్‌లో బిగించాలి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు బాత్రూమ్ తేమకి రెండేళ్లలో జిగురు వదిలి ఊడుతుంది. ఆ తర్వాత డ్రైవర్‌ని ప్యానెల్‌కి ప్లగ్గుతో కలపాలి. చివరిగా కరెంటు. కరెంటున్న డ్రైవర్‌కి ప్యానెల్‌ని తగిలించకూడదు, ఖాళీగా ఉన్న డ్రైవర్ చివర వోల్టేజి ఎక్కువగా ఉంటుంది, ఆ దెబ్బకి కొత్త ప్యానెల్ అక్కడికక్కడే పోవచ్చు. డ్రైవర్‌ని సీలింగు పైన పక్కకి నెట్టండి, ప్యానెల్ వెన్ను మీద పడుకోబెడితే ఆ వేడికి దాని ఆయుష్షు తగ్గుతుంది. క్లిప్పులు రెండూ పైకి మడిచి, రంధ్రంలోకి దూర్చి వదిలితే టక్కున కూర్చుంటుంది.

కొట్టుకి పాతదాన్ని పట్టుకెళ్లండి

"గుండ్రటి ప్యానెల్, పన్నెండు వాట్లు" అని చెబితే కొట్టువాడు ఇచ్చేది మీ రంధ్రానికి పడుతుందన్న నమ్మకం లేదు. ఒకే వాట్లలో రకానికో సైజు ఉంటుంది. చూడాల్సింది రంధ్రం అడ్డుకొలత, మిల్లీమీటర్లలో. స్కేలుతో కొలిచి రాసుకోండి. పైన ఖాళీ ఎంతుందో కూడా చూడండి. స్లాబుకీ సీలింగుకీ మధ్య రెండంగుళాలే ఉంటే లోతైన లైటు దూరదు. నెల్లూరు ట్రంకు రోడ్డు మీదైనా, మీ వీధి చివర కొట్టైనా పాతదాన్ని బల్ల మీద పెట్టి అడగడమే సుఖం.

అయిదడుగులకి ఏడడుగుల బాత్రూమ్‌కి ఎనిమిది, పది వాట్లు చాలు. కొట్టులో కరెంటు పెట్టి వెలిగించి చూపించమనండి. రంగు విషయంలో నా మాట వింటే 4000 కెల్విన్ (కాస్త పసుపు కలిసిన వెలుగు) తీసుకోండి, 6500ది అద్దంలో మొహాన్ని జబ్బు మనిషిలా చూపిస్తుంది. మా ఇంట్లో ఈ విషయంలో నాకు ఒక్క ఓటే ఉంది, తెల్లటిదే కావాలన్న వాళ్లు నలుగురు. డబ్బా మీద బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా చూడండి. షవర్‌కి పైనే ఉండే లైటైతే ఐపీ 65 (నీళ్లూ దుమ్మూ ఎంత ఆపుతుందో చెప్పే అంకె) అని రాసి ఉన్నది అడగండి, దూరంగా ఉంటే ఐపీ 44 చాలు. ఏ ఐపీ అంకే లేనిది హాలుకి పనికొస్తుంది గానీ బాత్రూమ్‌కి వద్దు.

మళ్లీ మళ్లీ పోతుంటే

ఏడాదికి రెండు లైట్లు పోతుంటే లైటుని తిట్టుకోవడం ఆపి పైన చూడండి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన వారం, మా పై బాత్రూమ్ ప్యానెల్ మూతలో నీళ్లు చేరి అందులో ఉసిళ్లు తేలాయి. స్లాబు చెమర్చి, నీళ్లు వైరు వెంబడి దారి చేసుకుని లైటులోకి దిగాయి. అలాంటప్పుడు స్విచ్ ముట్టుకోకుండా ముందు మెయిన్, ఇన్వర్టర్ ఆపేయండి. నీళ్ల దారి మూసి, స్లాబు పూర్తిగా ఎండేదాకా కొత్త లైటు పెట్టొద్దు. కొత్తపట్నం వైపు, సముద్రం పక్క ఇళ్లలో వేరే గొడవ. ఉప్పుగాలికి స్ప్రింగు క్లిప్పులు తుప్పుపట్టి పుటుక్కున విరిగిపోతాయి, లైటు ఒక పక్కకి వేలాడుతుంది. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పులున్నది అడిగి తీసుకోండి.

స్విచ్ ఆపినా లైటు మిణుకుమిణుకుమంటుంటే స్విచ్ న్యూట్రల్ మీద ఉండొచ్చు, లేదా స్విచ్‌లోని ఎర్రటి ఇండికేటర్ గుండా పారే చిన్న కరెంటు కావచ్చు. మొదటిదైతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సరిచేయించండి. ఒకే రోజు ఇంట్లో రెండు మూడు లైట్లు పోయినా, కొన్ని మరీ ప్రకాశంగా కొన్ని మసగ్గా వెలిగినా అది న్యూట్రల్ తెగిన లక్షణం. ఫ్రిజ్జు, టీవీ ప్లగ్గులు లాగేసి, మెయిన్ దించి 1912కి ఫోన్ చేయండి. కొత్త లైటు వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంపే బోర్డులోని స్విచ్) పడిపోతుంటే దాన్ని బలవంతాన పైకెత్తకండి, ఎక్కడో వైరు తడికి లీకవుతోంది. అది 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే పడిపోయేలా చేసింది మీ ప్రాణం కోసమే.

అన్నీ బిగించాక మెయిన్ ముందు ఎత్తి, ఇన్వర్టర్ తర్వాత వేసి, స్విచ్ నొక్కండి. వెలిగితే ఒక గంట వదిలేసి, మళ్లీ వెళ్లి వాసన ఏమన్నా వస్తుందేమో చూడండి. ఎల్ఈడీ లైట్లకి ఏడాదో రెండేళ్లో వారంటీ ఇస్తారు గానీ వేడికి బిల్లు మీద అక్షరాలు చెరిగిపోతాయి. బిల్లు ఫోటో తీసి పెట్టుకుని, డ్రైవర్ మీద తేదీని మార్కరుతో రాయండి. మా ఇంట్లో పైన మూడు తేదీలున్నాయి.